తట్టు టీకాకు విత్తనమిచ్చిన ఆచార్యుడు

మన పాఠశాలలో చదువుకొని నేడు అరవై ఏళ్ళు దాటిన పూర్వవిద్యార్థులకు ఒక దృశ్యం జ్ఞాపకం ఉండే ఉంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి తరగతిలో ఒక్కొక్క బల్ల ఖాళీ అయ్యేది. హాజరుపట్టీలో ఒకే పేరుకెదురుగా వరుసగా సున్నలు పడేవి. విచారిస్తే ఆ పిల్లవానికి తట్టు పోసిందని, గుమ్మానికి వేపమండలు కట్టారని పొరుగింటి బాలుడు చెప్పేవాడు. రెండు వారాల తరువాత ఆ పిల్లవాడు చిక్కి శల్యమై, దగ్గుతూ తిరిగి వచ్చేవాడు. తిరిగి రాని వారూ కొందరున్నారు. వారి పేర్లు మరుసటి నెల పట్టీలో ఉండేవి కావు. ఉపాధ్యాయులు ఆ ప్రస్తావన తెచ్చేవారు కారు. పిల్లలమైన మేమూ అడిగేవారం కాదు.

ఈ ప్లాటినం జూబిలీ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితాన్ని వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. ఇదే పాఠశాలలో చదివి, ఇక్కడే విజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందిన నాకు మొదట తోచినవి అందరికీ తెలిసిన పేర్లే. రామన్ గారి గురించి, సుబ్బారావు గారి గురించి పిల్లలు ప్రతి సంవత్సరం వ్యాసాలు వ్రాస్తూనే ఉన్నారు. ఆ ఖాళీ బల్లలు గుర్తుకు వచ్చినప్పుడు మాత్రం మరొక పేరు మనసులో మెదిలింది. ఆయన జాన్ ఫ్రాంక్లిన్ ఎండర్స్. వైద్యలోకంలో ఆయనను ఎరుగనివారు లేరు. మన ఇళ్ళలో ఆయన పేరు విన్నవారు అరుదు. ఆయన కృషి ఫలం మాత్రం మన పిల్లలందరి భుజాలలోకీ ఎక్కింది.

ఎండర్స్ 1897 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, వెస్ట్ హార్ట్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి బ్యాంకు అధికారి. కలిగిన కుటుంబం. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చదువు ఆపి నౌకాదళపు విమానవిభాగంలో చేరి, ఇతరులకు విమానం నడపడం నేర్పే శిక్షకుడయ్యారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి పట్టా పుచ్చుకొన్నారు. పిమ్మట ఇళ్ళు, స్థలాలు అమ్మిపెట్టే వ్యాపారంలో దిగారు. అది ఆయన స్వభావానికి సరిపడలేదు. కొద్దికాలంలోనే విరమించి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యం చదవడానికి వెళ్ళారు. 1922లో ఎం.ఏ. పట్టా వచ్చింది. ఆంగ్లం, కెల్టిక్, ట్యూటానిక్ భాషల అధ్యయనంలో మునిగి, సాహిత్యోపాధ్యాయుడు కావాలన్న సంకల్పంతో పరిశోధన సాగించారు.

ఆయన బ్రూక్‌లైన్‌లో ఒక వసతిగృహంలో ఉండేవారు. అక్కడ వైద్యవిద్యార్థులు, యువవైద్యులు పలువురు బస చేసేవారు. వారిలో హ్యూ వార్డ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు హార్వర్డులో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తుండేవాడు. రాత్రి భోజనమయ్యాక వార్డ్ ప్రయోగశాలకు వెళుతుంటే ఎండర్స్ తోడుగా వెళ్ళేవారు. తాను ఏళ్ళతరబడి తిరగవేస్తున్న ప్రాచీన గ్రంథాల కంటే గాజుపలకపై కదలాడే ఈ జీవులు ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. ఆ విభాగాధిపతి హాన్స్ జిన్సర్. టైఫస్ జ్వరంపై పరిశోధనలో ప్రసిద్ధుడు, తానే కవిత్వం వ్రాసేవాడు. సాహిత్య విద్యార్థి ఒకడు వచ్చి తన శిష్యుడనవుతానంటే ఆయన కాదనలేదు. ఎండర్స్ సాహిత్య పరిశోధనను మధ్యలోనే వదిలి సూక్ష్మజీవశాస్త్రంలో చేరారు. 1930లో డాక్టరేటు పొందేనాటికి ఆయన వయస్సు 33.

పదవ తరగతి ఫలితాలు రాగానే పిల్లవానిని ఏ గ్రూపులో చేర్చాలో తేల్చుకోలేక, వారం రోజులలో నిర్ణయించకపోతే బ్రతుకే పోతుందన్నంత ఆందోళనతో నా వద్దకు వచ్చే తల్లిదండ్రులకు నేను ఈ భాగం చెబుతుంటాను. అయితే దీనికి మరొక పక్క కూడా ఉన్నది. అది చెప్పకపోవడం న్యాయం కాదు. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో హార్వర్డు చేరి, అక్కడి వైద్యకళాశాలలో జీవరసాయన విభాగంలో 1940 వరకు శ్రమించారు. ఎండర్స్ అదే కళాశాలలో వేరొక విభాగంలో ఉన్న కాలమది. సుబ్బారావు గారికి అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. లెడర్లీ సంస్థకు వెళ్ళిపోవలసి వచ్చింది. ఎండర్స్‌కు సైతం పదోన్నతి నత్తనడకనే వచ్చింది. 1942లో అసోసియేట్ ప్రొఫెసరు అయినవారు 1956 వరకు అదే హోదాలో ఉన్నారు. కాని ఇంటి వెనుక ఆస్తి ఉన్నవానికి ఆలస్యం భరించదగినది. లేనివానికి కాదు.

ప్రయోగశాలలో ఎండర్స్ మొదట బాక్టీరియాలపై పనిచేశారు. వైరస్‌ల వైపు ఆయనను మళ్ళించిన వాటిలో ఒకటి పిల్లికూనలకు వచ్చిన అంటువ్యాధి. 1930ల చివర ప్రయోగశాలలో పెంచుతున్న పిల్లికూనలు వరుసగా చనిపోవడంతో విలియం హామన్‌తో కలసి కారణం వెదికి, అది ఒక వైరస్ పని అని నిరూపించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గవదబిళ్ళల వైరస్‌ను అధ్యయనం చేశారు. 1943లో భార్య సారా మరణించారు. ఇద్దరు బిడ్డలు. 1946లో బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో అంటువ్యాధుల పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాల నెలకొల్పుకొన్నారు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన ఇద్దరు యువవైద్యులు, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్, అక్కడ ఆయనతో చేరారు. ఎండర్స్ స్వయంగా వైద్యుడు కారు. శిష్యులు మాత్రం ఆయనను తమ పెద్దగానే పిలుచుకొనేవారు. ప్రతిదినం ఒక్కొక్కరి బల్ల వద్దకు వచ్చి కొత్తగా ఏమి కనబడిందని అడగడం ఆయన అలవాటు.

అప్పటి చిక్కు ఏమిటో కొంత వివరించాలి. బాక్టీరియాకు ఆహారం పెడితే గాజుపాత్రలో పెరుగుతుంది. వైరస్ అట్లా పెరగదు. దానికి జీవకణం కావాలి. పోలియో వైరస్ నాడీకణజాలంలో తప్ప మరెక్కడా పెరగదని 1936లో సాబిన్, ఒలిట్‌స్కీ చేసిన ప్రయోగం వల్ల అందరూ నమ్మారు. నాడీకణజాలంలో పెంచిన వైరస్‌తో టీకా తయారుచేస్తే, దానితోపాటు లోపలికి వెళ్ళే మెదడు పదార్థం వల్ల టీకా వేసుకొన్నవాని మెదడుకే ముప్పు రావచ్చు. ఈ మాట మనకు కొత్త కాదు. పిచ్చికుక్క కరిస్తే బొడ్డుచుట్టూ పధ్నాలుగు సూదులు పొడిపించుకొన్నవారు ఈ సంచిక చదివేవారిలో తప్పక ఉంటారు. ఆ మందు గొర్రె మెదడు నుంచి తీసినదే. మన నీలగిరిలోని కూనూరు పాస్చర్ సంస్థలో కూడా చాలాకాలం తయారైంది. అది ఎందరినో కాపాడింది, అరుదుగా కొందరికి పక్షవాతం తెచ్చింది. చావు తప్పదనుకొన్న కుక్కకాటులో ఆ ప్రమాదానికి ఒప్పుకోవచ్చు. ఆరోగ్యంగా ఆడుకొనే లక్షలాది పిల్లలకు అటువంటి సూది ఎట్లా వేస్తారు? పోలియో టీకాకు దారి అక్కడ మూసుకొనిపోయింది.

ఎండర్స్‌కు మాత్రం ఒక సందేహం ఉండేది. పోలియో రోగుల మలంలో అంత వైరస్ కనబడుతున్నప్పుడు, అది నాడులలోనే పెరుగుతుందనడం ఎట్లా పొసగుతుంది? ప్రేగులలో కూడా పెరుగుతూ ఉండాలి కదా?

1948 మార్చి నెలలో వెల్లర్ ఆటలమ్మ వైరస్‌ను పెంచే ప్రయత్నంలో ఉన్నారు. మృతశిశు పిండాల చర్మం, కండరం చిన్నచిన్న తునకలుగా గాజుకుప్పెలలో ఉంచి, పోషకద్రవం పోశారు. నాలుగింటిలో ఆటలమ్మ సోకిన బిడ్డ గొంతు పుక్కిలించిన నీరు కలిపారు. నాలుగింటిని పోల్చిచూడడానికి ఏమీ కలపకుండా ఉంచారు. ఇంకా నాలుగు మిగిలాయి. పక్కనే శీతలపేటికలో లాన్సింగ్ రకం పోలియో వైరస్ ఉన్నది. మిగిలిన నాలుగింటిలో దానిని వేశారు. ఆటలమ్మ పెరగలేదు. పోలియో పెరిగింది.

ఇది అదృష్టమని కొందరంటారు. నేను అంగీకరించను. వారు చేసిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. అంతకుముందు పరిశోధకులు కొద్ది రోజులకే కణజాలాన్ని, ద్రవాన్ని కలిపి కొత్త పాత్రకు మార్చేవారు. వీరు కణజాలాన్ని కదల్చకుండా, పాతద్రవం తీసి కొత్తద్రవం మాత్రం పోస్తూ, వారాలకొద్దీ ఓపికగా నిలిపి ఉంచారు. నెమ్మదిగా పెరిగే వైరస్‌కు వ్యవధి దొరికింది. అప్పుడే అందుబాటులోకి వచ్చిన పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ వల్ల బాక్టీరియా చేరి పాడుచేయడం తగ్గింది. పలుమార్లు ద్రవం మార్చాక, మొదట వేసిన వైరస్ పెరగక ఊరికే మిగిలి ఉంటే అది పలచబడి లేనట్లే అయిపోవాలి. కాని ఆ ద్రవాన్ని ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే వాటికి పక్షవాతం వచ్చింది. అంటే వైరస్ ఆ కుప్పెలలో పుట్టి పెరుగుతున్నదన్నమాట. తరువాత ప్రేగు కణజాలంలోనూ పెంచి చూపారు. వైరస్ సోకిన కణాలు నశించడం సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించింది. ఇక ప్రతి పరీక్షకు ఒక కోతి ప్రాణం అక్కరలేదు. 1949 జనవరిలో సైన్స్ పత్రికలో ఈ ఫలితాన్ని ప్రకటించిన వ్యాసం చాలా క్లుప్తమైనది. పిట్స్‌బర్గ్‌లో జోనాస్ సాల్క్ ఈ మార్గాన్నే అందుకొని కోతి మూత్రపిండ కణాలలో వైరస్‌ను పెంచి, చంపి, 1955లో లోకానికి అందిన పోలియో టీకాను తయారుచేశారు. సాబిన్ చుక్కల మందు సైతం కణజాల వర్ధనం నుంచి వచ్చినదే. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరా వద్ద నమోదైంది.

1954లో నోబెల్ బహుమతి ఎండర్స్‌ను వరించింది. బహుమతి తనకొక్కనికే వద్దని, బల్ల వద్ద నిలబడి పనిచేసిన వెల్లర్, రాబిన్స్‌లకు సమానంగా ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. ముగ్గురికీ వచ్చింది. స్టాక్‌హోంలో ఉపన్యాసం సైతం ముగ్గురి పేరిటే జరిగింది. అప్పటికి ఆయన అసోసియేట్ ప్రొఫెసరే అన్నది మరువకూడదు. ప్రొఫెసరు పదవి మరి రెండేళ్ళకు గాని రాలేదు.

అదే 1954 ఆరంభంలో బోస్టన్ సమీపంలోని ఒక వసతిపాఠశాలలో తట్టు వ్యాపించింది. ఎండర్స్ వద్ద పనిచేస్తున్న థామస్ పీబుల్స్ అక్కడికి వెళ్ళి, జబ్బుపడిన బాలుర గొంతునీరు, రక్తం సేకరించి తెచ్చారు. పలుమార్లు విఫలమయ్యాక ఎడ్మన్‌స్టన్ అనే పదమూడేళ్ళ విద్యార్థి రక్తం నుంచి వైరస్ చిక్కింది. దానిని పెంచిన కణాలు మనుష్య మూత్రపిండానివి. తలలో నీరు చేరిన పిల్లలకు ఆనాడు చేసే శస్త్రచికిత్సలో ఒక మూత్రపిండం తీసివేయవలసి వచ్చేది. అట్లా తీసివేసిన అవయవం ఈ ప్రయోగశాలకు చేరేది. ఒక బిడ్డ కష్టం మరొక బిడ్డ రక్షణకు ఇట్లా పనికి వచ్చింది.

ఆ తరువాత నాలుగేళ్ళు వైరస్‌ను మచ్చిక చేయడంలో గడిచాయి. అడవిపశువును తరతరాలుగా పెరటిలో పెంచితే క్రూరత్వం తగ్గినట్లు, అలవాటులేని కణాలలో మళ్ళీమళ్ళీ పెంచితే వైరస్ బలం తగ్గుతుంది. మూత్రపిండ కణాలలో 24 సార్లు, ఉమ్మనీటి సంచి పొర కణాలలో 28 సార్లు, పొదిగిన కోడిగుడ్డులో 6 సార్లు మార్చి, చివరకు కోడిపిండ కణాలలో పెంచారు. కోతులకు ఎక్కిస్తే జబ్బు రాలేదు, రక్తంలో ప్రతిరక్షకాలు మాత్రం వచ్చాయి.

1958లో మొదటిసారి పిల్లలకు వేశారు. ఆ పిల్లలు మసాచుసెట్స్‌లోని ఫెర్నాల్డ్ పాఠశాలలో ఉంటున్న, మానసిక వికాసం కొరవడిన పిల్లలు. తల్లిదండ్రుల అనుమతి తీసుకొన్నారు. శామ్యూల్ కాట్జ్ అనే యువవైద్యుడు ఆ పిల్లలను కనిపెట్టుకొని ఉన్నారు. కొందరికి జ్వరం, దద్దురులు వచ్చాయి, అందరికీ ప్రతిరక్షకాలు కలిగాయి. అటువంటి ఆశ్రమాలలో తట్టు సోకితే మరణాలు ఎక్కువగా ఉండేవని, కనుక ఆ పిల్లలకే దాని అవసరం ఎక్కువని ఆనాటి వైద్యులు చెప్పుకొన్న సమాధానం. అందులో నిజం లేకపోలేదు. అయినా తనకేమి జరుగుతున్నదో తెలియని బిడ్డను, ఇంటికి దూరంగా ఉన్న బిడ్డను మొదట నిలబెట్టడం నా మనసుకు ఇప్పటికీ నొప్పి కలిగిస్తుంది. నేటి నిబంధనలు దానిని అనుమతించవు. ఎండర్స్ మీద గౌరవంతో దీనిని దాచిపెట్టడం ఆయనకు గౌరవం కాదని తలచి వ్రాస్తున్నాను.

1961లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తట్టు టీకా విజయాన్ని కీర్తించినప్పుడు ఎండర్స్ సంపాదకునికి లేఖ వ్రాసి, ఆ ఘనత తనతో పనిచేసిన పలువురిదని స్పష్టం చేశారు. 1963 మార్చిలో టీకాకు అమెరికాలో అనుమతి లభించింది. అంతకంటె పెద్ద సంగతి మరొకటి ఉన్నది. ఆయన దానిపై పేటెంటు తీసుకోలేదు. అడిగిన ప్రతి ప్రయోగశాలకూ ఎడ్మన్‌స్టన్ వైరస్‌ను, తమ అనుభవాన్ని కూడా పంపించారు. రైతు ఇంటిలో మంచి విత్తనం ఉన్నదని విని ఊరివారు వచ్చి చేటలో పోయించుకొని వెళ్ళినట్లు, దేశదేశాలవారు పట్టుకొనిపోయారు. అమెరికాలో మారిస్ హిల్‌మన్ దానిని ఇంకా మెత్తబరచి 1968లో మరింత సౌమ్యమైన టీకా తెచ్చారు. ఐరోపాలో జాగ్రెబ్ నగరపు శాస్త్రజ్ఞులు తమ పద్ధతిలో పెంచి మరొక రకాన్ని సిద్ధం చేశారు. కాట్జ్ 1960ల ఆరంభంలోనే నైజీరియాకు వెళ్ళి, తట్టు అధికంగా పిల్లలను బలిగొనే ఆ దేశంలో టీకా పనిచేస్తుందని చూచి వచ్చారు.

ఎండర్స్ చివరి వరకు మితభాషిగానే ఉన్నారు. బో టై ధరించి, పియానో వాయిస్తూ, సెలవులలో సముద్రతీరాన చేపలు పట్టుకొంటూ కాలం గడిపారు. 1951లో కరొలిన్ కీన్‌ను వివాహమాడారు. పదవీ విరమణ తరువాత కూడా పరిశోధన మానలేదు. ఎనభై ఏళ్ళు దాటాక ఎయిడ్స్ వ్యాధి బయలుదేరినప్పుడు దాని గురించి ఆసక్తితో ఆలోచించారు. యౌవనంలో వదిలివచ్చిన సాహిత్యం ఆయనను వదలలేదు. 1985 సెప్టెంబరు 8వ తేదీన, వాటర్‌ఫర్డ్‌లోని వేసవి గృహంలో, భార్యకు ఎలియట్ కవిత్వం చదివి వినిపించి పడకకు వెళ్ళిన ఆయన ప్రశాంతంగా కన్నుమూశారు. వయస్సు 88.

సరిగా ఆ సంవత్సరం నవంబరులోనే మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం ఆరంభమై, తట్టు టీకా పసిబిడ్డలకు ఉచితంగా వేయడం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం, గడచిన 50 ఏళ్ళలో టీకాలు నిలిపిన ప్రాణాలు 15.4 కోట్లు. అందులో 9.4 కోట్లు ఒక్క తట్టు టీకా నిలిపినవే.

2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం దేశంలో మొదట ప్రారంభమైన ప్రాంతాలలో మన తమిళనాడు, కర్ణాటక, యానాంతో కూడిన పుదుచ్చేరి ఉన్నాయి. పదిహేనేళ్ళలోపు పిల్లలందరికీ బడులలోనే వేశారు. అప్పుడు సెల్‌ఫోన్లలో లేనిపోని వదంతులు వ్యాపించాయి. మన పాఠశాలలో కూడా కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఆ రోజు పంపలేదు. అప్పటికి పదవీ విరమణ పొంది ఉన్నా, ప్రధానోపాధ్యాయుల కోరికపై నేను మరొక ఇద్దరు ఉపాధ్యాయులతో ఆ ఇళ్ళకు వెళ్ళాను. ఒక తల్లి నన్ను సూటిగా అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ మందు మొదట ఎవరి పిల్లలకు వేసి చూశారని ఆమె అడిగింది. కాసేపటికి ఫెర్నాల్డ్ పిల్లల సంగతి ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మరునాడు తన ఇద్దరు బిడ్డలను తానే వెంటబెట్టుకొని వచ్చి వరుసలో నిలబెట్టింది.

ఆ దినం నర్సమ్మ చేతిలోని టీకా పూణేలో తయారైనది. అందులోని తట్టు వైరస్ ఎడ్మన్‌స్టన్-జాగ్రెబ్ రకం.